నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులకు పసుపు, వస: నిజమెంత?

ప్రశ్న (ఫార్మసిస్టు, గుణుపురం)
రాయగడ, గజపతి జిల్లాల్లో, ఆక్సిజన్ మీదున్న బిడ్డకు పసుపు నాకించమంటారా, వస అరగదీసి పోయమంటారా అని తల్లులు అడుగుతున్నారు. పసుపులోని కర్కుమిన్‌తో ఊపిరితిత్తులు బాగవుతాయని వీడియోలు కూడా తిరుగుతున్నాయి. బీపీడీకి (నెలలు నిండని బిడ్డలకు వచ్చే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బుకు) వీటితో పనవుతుందా?

జవాబు 1 (పిల్లల డాక్టరు, బరంపురం)
ఆధారం ఉంది, ఎలుక పిల్లల్లో. ఎలుక పిల్లకు ఊపిరితిత్తుల్లో గాలి గదులు చాలామటుకు పుట్టాకే ఏర్పడతాయి. అందుకే దాన్ని 85–95 శాతం ఆక్సిజన్‌లో రోజుల తరబడి ఉంచితే మన నెలలు నిండని బిడ్డకు జరిగే నష్టమే కనిపిస్తుంది: గదులు తక్కువ, ఉన్నవి పెద్దవి. కర్కుమిన్ ఇచ్చిన ఎలుక పిల్లల్లో ఆ నష్టం తగ్గింది. అయితే ఆ మందు పొట్టలోకి సూదితో ఎక్కించారు. నోటితో ఇస్తే పేగు, కాలేయం దాటి రక్తంలోకి చేరేది అత్యల్పం. పైగా పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతమే, అంటే 100 మిల్లీగ్రాముల పొడిలో 3 మిల్లీగ్రాములు. ఆ పొడి నీళ్లలో కరగదు, పాలగొట్టంలో అడ్డుపడుతుంది.

ఇంకొకటి. ఆక్సిజన్ ఒక్కటే పెట్టిన ఆ ఎలుకలకు వెంటిలేటరు దెబ్బ లేదు, ఇన్ఫెక్షన్ లేదు. మన బిడ్డకు అన్నీ ఉంటాయి.

జవాబు 2 (ఎస్‌ఎన్‌సీయూ, అంటే నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగం నర్సు, పర్లాకిమిడి)
మొక్కల మందే కావాలంటే కెఫిన్ ఉందిగా! 2006లో వెలువడిన పరీక్షలో 500–1250 గ్రాముల బిడ్డలు 2006 మంది (సంవత్సరం, సంఖ్య ఒకటే, పొరపాటు కాదు). గర్భం లెక్కన 36 వారాల వయసుకు ఆక్సిజన్ అవసరమైనవారు కెఫిన్ వైపు 36 శాతం, ఉత్తుత్తి మందు (ప్లాసిబో) వైపు 47 శాతం.

కెఫిన్ సిట్రేట్ మొదటి మోతాదు కిలోకు 20 మిల్లీగ్రాములు, 30 నిమిషాల పాటు. 24 గంటల తర్వాత నుంచి రోజుకోసారి కిలోకు 5–10 మిల్లీగ్రాములు. 20 మిల్లీగ్రాములు/మి.లీ. వయల్ అయితే కిలో బిడ్డకు ముందు 1 మి.లీ., తర్వాత 0.25–0.5 మి.లీ. తప్పు జరిగేది ఇక్కడే: 20 మిల్లీగ్రాముల సిట్రేట్ అంటే 10 మిల్లీగ్రాముల కెఫిన్ బేస్ (అసలు కెఫిన్). ఆర్డరులో ఆ రెండిట్లో ఏది అన్నది రాయకపోతే మోతాదు సగమో రెట్టింపో అవుతుంది. గుండె నిమిషానికి 180 దాటితే ఆపి డాక్టరును పిలవాలి.

ఇంతకన్నా ముఖ్యం ఆక్సిజన్ అదుపు. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90–95, అలారం 89కి, 96కి. బ్లెండర్ (ఆక్సిజన్‌లో గాలి కలిపే పరికరం) లేకుండా గోడ ఆక్సిజన్ నేరుగా పెడితే వచ్చేది 100 శాతం. ఊపిరితిత్తిని చెరిపేదీ అదే.

జవాబు 3 (ఫార్మకాలజీ, బరంపురం)
వస అసలు వద్దు. అందులోని బీటా-అసరోన్ జంతువుల్లో క్యాన్సర్ తెచ్చింది, 1968లో అమెరికా ఆహారంలో నిషేధించింది. వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కులో ఆముదం చుక్కలు వేసినా అంతే, నూనె న్యుమోనియా.

ప్రశ్న (ఫార్మసిస్టు)
మిరియం కలిపితే కర్కుమిన్ ఒంటికి పడుతుందంటారు కదా సార్?

జవాబు 3
పెద్దవాళ్లలో 2 గ్రాముల కర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ (మిరియంలోని ఘాటు పదార్థం) కలిపితే రక్తంలో చాలా పెరిగింది, నిజమే. పెరిగేది కాలేయంలో మందును విరిచే పని ఆగినందుకు. ఆ పనే పసిబిడ్డలో మొదటినుంచీ మందం. కామెర్ల బిలిరుబిన్ బయటికి పోయేదీ ఆ దారినే. ఉన్న దారికి మిరియం అడ్డం పెట్టొద్దు. తల్లి కూరలో పసుపు, మిరియం మామూలుగా తినొచ్చు, బిడ్డకు ఆమె పాలు చాలు.