వారం రోజుల రీడింగ్ ఛాలెంజ్‌కి ఏ పుస్తకాలు పెట్టుకోవాలి?

అట్టచివర (ప్రశ్న):
సోమవారం నుంచి ఆదివారం దాకా ఫ్రెండ్స్ అందరం కలిసి రీడింగ్ ఛాలెంజ్ పెట్టుకున్నాం. ఇన్ని చదవాలనే రూలేమీ లేదు, ఎవరి టార్గెట్ వాళ్లదే. కాకపోతే ఒక అనువాదం ఉండాలి, కథలు గానీ కవిత్వం గానీ నాటకం గానీ ఒకటి ఉండాలి, ఎప్పుడో కొనిపెట్టి ముట్టుకోనిది ఒకటి ఉండాలి అన్నారు. నేను ఉత్సాహం కొద్దీ ఆరు తీసి బల్ల మీద పెట్టేశాను: వేయిపడగలు (ఇది ఎప్పటినుంచో మొదలుపెడదామనుకుంటున్నదే), మైదానం, అసమర్థుని జీవయాత్ర, మహాప్రస్థానం, ఇంకో రెండు అనువాద నవలలు. ఆఫీసు పని పోను రోజుకి గంటన్నర మించి దొరకదు. వీటిలో ఏవి ఉంచను, ఏవి తీసెయ్యను? పెద్దది ఒక్కటే పట్టుకుని కూర్చోవడం నయమా, చిన్నవి నాలుగు లాగించెయ్యడం నయమా?

పేజీలలెక్క:
ఎన్ని పుస్తకాలన్నది వదిలేసి పేజీలు చూసుకోండి. ఇవాళ రాత్రి ఆ ఆరింటిలో ఏదో ఒక నవల తీసి, ఫోన్‌లో ఇరవై నిమిషాలకి టైమర్ పెట్టి చదవండి, పరుగెత్తకుండా మామూలుగా. పది పేజీలయ్యాయనుకోండి, గంటన్నరకి 45, ఏడు రోజులకి 315. ఏదో ఒక రోజు తప్పకుండా పని తగులుతుంది కాబట్టి 250 అనుకోవడం క్షేమం. వేయిపడగలు చాలా లావు నవల, ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు, నిస్సంకోచంగా తీసెయ్యండి. విశ్వనాథ వారు నెల తిరక్కుండానే ఆ నవల మొత్తం ఆశువుగా చెప్పి రాయించారంటారు, మనకి చదవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది :)

నెమ్మదిగాచదువుతా:
పై లెక్క బాగానే ఉంది గానీ అన్ని పేజీలూ ఒకే వేగంతో కదలవండీ. మైదానం రాజేశ్వరి తన కథ తనే చెప్పుకుపోయే నవల, పట్టుకుంటే ఒకట్రెండు సార్లు కూర్చుంటే అయిపోతుంది. అసమర్థుని జీవయాత్ర కూడా సన్నగానే ఉంటుంది, అది చూసి మోసపోకండి. బయట జరిగేది తక్కువ, కథానాయకుడు సీతారామారావు తనతో తను పడే గొడవే ఎక్కువ, మధ్యమధ్యలో పుస్తకం మూసి కాసేపు గోడకేసి చూడాల్సి వస్తుంది. నిద్ర కళ్లతో రాత్రి పదకొండుకి మొదలుపెడితే చదివిన పేరానే మళ్లీ చదువుతుంటారు. దాన్ని శనివారం పొద్దుటికి ఉంచుకోండి, వారం మధ్యలో ఆఫీసు రోజులకి మైదానం సరిపోతుంది. నన్నడిగితే ఆ రెండూ, ఒక అనువాదం, అంతే. ఆరు చదివానని చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ బుధవారం కల్లా టెన్షన్ మొదలవుతుంది.

కవితాప్రియ:
మహాప్రస్థానాన్ని దయచేసి "ఒక పుస్తకం అయిపోయింది" అని టిక్కు పెట్టుకోవడానికి వాడకండి. 1950లో పుస్తకంగా వచ్చినప్పటి నుంచి జనం దాన్ని పైకి చదువుతూనే ఉన్నారు, కళ్లతో పరుగెత్తిస్తే సగం పోతుంది. రోజూ పొద్దున్నే రెండు మూడు కవితలు గొంతెత్తి చదవండి, వారానికి చాలావరకు అవుతుంది, మీ గంటన్నరలో పెద్దగా తినదు కూడా. ముందుమాటగా ఉన్న చలం యోగ్యతాపత్రాన్ని మాత్రం దాటెయ్యకండి, అదే ఒక రచన. ఇంకో మాట, ఏ రోజైనా నవల ఎక్కకపోతే చేతికందేలా ఒక మంచి కథ ఉంచుకోండి. పాలగుమ్మి పద్మరాజు గాలివాన ఉంది కదా, 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్నది. రైలు, తుఫాను, రావు గారు, ఆ బిచ్చగత్తె... ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది.

లావుపుస్తకం:
అందరూ వేయిపడగల మీద పడ్డారేంటి? మీ ఫ్రెండ్స్ పూర్తి చెయ్యాలని రూల్ పెట్టలేదు కదా. 250 పేజీలే టార్గెట్ అనుకుని అందులో మొదటి 250 చదవండి, మొదలుపెట్టడమే కష్టం అలాంటివి. మూడో రోజుకి విసుగొస్తే పక్కన పెట్టి మైదానం తీసుకోండి, ఎవరేమంటారు?
అనువాదాల సంగతి మాత్రం జాగ్రత్త. రెండూ తెరిచి మధ్యలో ఎక్కడో రెండు పేజీలు చదవండి, మొదటి పేజీ కాదు, దాన్ని అందరూ శ్రద్ధగానే చేస్తారు. సంభాషణలు మనుషులు మాట్లాడుకున్నట్టు ఉంటే ఉంచండి. "చేయబడినది", "కలిగి ఉన్నాడు" అని ప్రతి వాక్యానికీ తగులుతుంటే ఎంత గొప్ప మూలమైనా వారంలో లాగలేరు.

అట్టచివర:
టైమర్ పెట్టి చూశాను, ఇరవై నిమిషాలకి ఎనిమిదే వచ్చాయి. కాబట్టి వేయిపడగలు ఈసారికి లేదు (లావుపుస్తకం గారూ, వచ్చే సెలవుల్లో మీరు చెప్పినట్టే). మైదానం ముందు, శనివారం గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర, పొద్దుటిపూట శ్రీశ్రీ మహాప్రస్థానం. అనువాదాల్లో ఒకటి మీ పరీక్షలో మొదటి పేరాలోనే ఫెయిలైంది. రెండోది ఫర్వాలేదు గానీ 400 పేజీలుంది, వారంలో అయ్యేలా లేదు. దాని బదులు 150 పేజీల లోపు మంచి అనువాదం ఏదైనా చెప్పగలరా? రేపటిలోగా తెచ్చుకోవాలి.