మత్స్యకారులు, ఫోన్లు, సముద్రం: పీహెచ్‌డీ అంశం ఎలా బిగించాలి?

ఉప్పుగాలి: ఆంధ్రా యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) పీజీ అయిపోవస్తోంది. టెక్నాలజీ, మీడియా, పర్యావరణం మూడూ కలిసేచోట పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది. "విశాఖ మత్స్యకారులపై డిజిటల్ టెక్నాలజీ ప్రభావం" అని రాసుకున్నా. సరిపోతుందా? యూజీసీ నెట్ పరీక్ష సంగతి కూడా చెప్పండి.

కొండవాలు: ముందు "ప్రభావం" కొట్టేయండి. ఆ మాటుంటే జవాబు ముందే రాసేసుకున్నట్టుంటుంది. ఒక్క వస్తువును పట్టుకోండి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సమాచారమే తీసుకోండి. ఉపగ్రహాలు పట్టిన పైనీటి వేడి, క్లోరోఫిల్ చూసి, ఫలానా రేవు నుంచి ఏ దిక్కుకి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అని చెబుతారు. మబ్బు కమ్మితే లెక్క తేలదు. విశాఖలోని మత్స్యకారుల పేట పెద జాలరిపేటలో ఆ అంకెలు ఎవరి ఫోన్‌లో పడతాయి? ఎవరు చదివి వినిపిస్తారు? యారాడ కొండ గుర్తు చూసి వల వేసే పెద్దాయన నమ్ముతాడా? నమ్మి వెళ్లి ఉత్త వలతో వస్తే డీజిల్ ఖర్చు ఎవరి నెత్తిన? మీ పరిశోధన అక్కడుంది.

రేవుబాట: పై మాటకి తోడు, ఫీల్డ్‌వర్క్ ఏడాది తిరగాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధాన్ని సెలవులనుకోవద్దు. వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నప్పుడే మాటలు సాగుతాయి. హార్బర్‌లో చేపల వేలంపాట నడుస్తుంటే మాత్రం ఎవర్నీ కదపొద్దు, చూసి రాసుకోండి. మైకుకి బొచ్చు తొడుగు కొనండి, ఒడ్డుగాలికి స్పాంజి తొడుగు ఆగదు. గంట ఆడియో కాగితం మీద పెట్టడానికి ఐదారు గంటలు, వెనక ఇంజిన్ మోత ఉంటే ఇంకా ఎక్కువ. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టు కాదు. చేపలు పడేచోటి జీపీఎస్ అంకెలు థీసిస్‌లో అచ్చేశారా, వాళ్ల పొట్ట కొట్టినట్టే.

తెల్లకాగితం: నెట్‌లో ఆంత్రోపాలజీ కోడ్ 07. 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. సామాజిక ఆంత్రోపాలజీ ఒక్కటే చదివినవాళ్లు జన్యుశాస్త్రం, రాతియుగం పనిముట్ల దగ్గర బోల్తా పడతారు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. రాకపోయినా నెట్ మార్కులతో పీహెచ్‌డీ ప్రవేశానికి వెళ్లొచ్చు, కానీ అవి ఏడాదే చెల్లుతాయి. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లు దాటనివ్వరు.

ఉప్పుగాలి: పేటా, హార్బరా? రెండూ పెట్టుకోనా?

కొండవాలు: ఒకటే. పేట తీసుకోండి. అక్కణ్నుంచి చేప హార్బర్‌కి వెళ్తే మీరూ దాని వెనకే వెళ్లండి.