పెర్ల్ హార్బర్ టార్పెడో నమూనా: గాల్లోనే దొర్లిపోతోంది, ఎలా ఆపాలి?

హనుమకొండలో సైన్స్ ఫెయిర్ కోసం చేస్తున్న నమూనా ఇది. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్‌లో (హవాయిలోని అమెరికా నౌకాస్థావరం) జపాన్ విమానాలు వేసిన టైప్ 91 టార్పెడోలు (నీటిలో ఓడల వైపు దూసుకెళ్లే ఆయుధాలు) సుమారు 12 మీటర్ల లోతు నీళ్లలో అడుగు తగలకుండా ఎలా వెళ్లాయో చూపించాలి. ముఖ్యమైన కిటుకు తోకకు తగిలించిన చెక్క రెక్కల్లో ఉంది. నీటిని తాకగానే అవి ఊడిపోయేవి.

స్కేలు 1:50. టేకు పుల్ల 11 సెం.మీ., మందం 9 మి.మీ., లోపల సీసం గుళ్లతో బరువు 6.7 గ్రాములు. అద్దాల తొట్టిలో నీళ్లు 24 సెం.మీ. వదిలే ఎత్తు 40 సెం.మీ.

ముందు వాలు పట్టా మీంచి వదిలాం. వేగం సెకనుకు 3 మీటర్లే, దాంతో 43 డిగ్రీల కోణంలో దిగి ముక్కు అడుక్కి కొడుతోంది. అసలు టార్పెడోది 14 డిగ్రీల లోపే. అందుకని రెండు సైకిల్ ట్యూబు రబ్బర్లతో లాగి వదిలితే సెకనుకు 11.5 మీటర్లు వచ్చింది (ఫోన్ స్లో మోషన్, సెకనుకు 240 ఫ్రేములు, ఫ్రేముకు 4.8 సెం.మీ.). కోణం సరిపోయింది. కానీ నీటిని తాకేలోపు 3.3 మీటర్లు గాల్లో పోవాలి కదా, అక్కడే పావు చుట్టు దొర్లుతోంది. అడ్డ రెక్కలు నిలువుగా మారి, నీళ్లలో ఎడమకు తిరిగి పక్క అద్దానికి తగులుతోంది. రెక్కలు పెద్దవి చేస్తే దొర్లడం ఇంకా ఎక్కువైంది. రెండు రబ్బర్ల సాగుడు కొలిచి సమం చేసినా తేడా లేదు. అసలు దాంట్లో దొర్లుడు ఆపడానికి గైరో (వేగంగా తిరుగుతూ దిశ మారకుండా ఉండే చక్రం) ఉండేది, 9 మి.మీ. పుల్లలో అది కుదిరే పని కాదు.

వరంగల్ చౌరస్తా హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే సామానుతో, ఈ వేగం తగ్గకుండా, దొర్లకుండా వదిలే ఏర్పాటు ఎలా చేయాలి?