చేతిలో లేని షేరును అమ్మడం నకిలీ షేరును అమ్మడంతో సమానమా?

కృష్ణాతీరం:
1995లో మా నాన్నగారు విజయవాడలో ఒక బ్రోకరు దగ్గర నూరు షేర్లు కొని, బదిలీ ఫారం జతచేసి పంపితే, రెండు నెలల తరవాత సర్టిఫికెట్లు తిరిగివచ్చాయి. అవే నంబర్ల అసలు సర్టిఫికెట్లు మరొకరి పేరున ఉన్నాయని, ఇవి నకిలీవని కంపెనీ షేర్ల రిజిస్ట్రారు రాశారు. కాగితం అదే మందం, అంచున అదే ఆకుపచ్చ లతల ముద్ర. షేరు తన వద్ద లేకుండానే ముందు అమ్మి, ధర తగ్గాక కొని ఇద్దామని షార్ట్ చేసేవాడు అమ్ముతున్నదీ ఇదే కదా?

లెక్కలమాస్టారు:
అయ్యా, రెండూ ఒకటి కావు. షార్ట్ చేసినవాడు గడువుకు షేరు ఇవ్వకపోతే ఎక్స్ఛేంజి ఆక్షన్‌లో, అంటే వేలంలో, కొని ఇస్తుంది, ఆ భారం అతని మీదే పడుతుంది. 1982లో కలకత్తా బేర్లు, అంటే ధర పడుతుందని పందెం కాసేవారు, చేతిలో లేని రిలయన్స్ షేర్లను అమ్మితే, అంబానీ వైపు బ్రోకర్లు కొంటూపోయి డెలివరీ అడిగారు; బొంబాయి ఎక్స్ఛేంజి మూడు రోజులు మూతపడింది. అక్కడ మునిగింది అమ్మినవారే.

కృష్ణాతీరం:
ఆక్షన్‌లోనూ షేరు దొరక్కపోతే కొన్నవాడికి డబ్బు చెల్లించి సరిపెడతారు. నేను కొన్నది షేరును, డబ్బును కాదు.

పాతబజారు:
1992 నాటి బ్యాంకు రసీదులనూ, అంటే అమ్మిన బాండ్లు మా దగ్గర ఉన్నాయని బ్యాంకు రాసిచ్చే కాగితాలనూ, లెక్కలో వేసుకోండి. బ్రోకరు హర్షద్ మెహతా కుంభకోణం నాటి బ్యాంక్ ఆఫ్ కరాడ్ రసీదుల్లో కాగితం అసలుదే, వెనక బాండ్లే లేవు.

లెక్కలమాస్టారు:
అది బ్యాంకువారు ఆడిన అబద్ధం, షార్ట్ సెల్లింగ్ కాదు. 1996లో షేర్లను కాగితం బదులు ఎలక్ట్రానిక్ (డీమ్యాట్) ఖాతాల్లో ఉంచే డిపాజిటరీ వచ్చాక మీ నాన్నగారికి జరిగినటువంటి మోసానికి తావు పోయింది. షేరు తెచ్చి ఇచ్చే ఏర్పాటు లేకుండా అమ్మడాన్ని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అనుమతించదు. 2024 జనవరిలో ఆ మాటనే మళ్లీ స్పష్టంచేసింది. ఇంకా నకిలీ నకిలీ అంటే ఏం చెప్పను?

కృష్ణాతీరం:
మాస్టారూ, మీరు చట్టం వల్లిస్తున్నారు, నేను పోగొట్టుకున్నది చెబుతున్నాను. 2018లో నా డీమ్యాట్ ఖాతాలోని షేర్లను మా ఊరి బ్రోకరు నాకు తెలియకుండా తాకట్టు పెట్టాడు. నెలనెలా వచ్చే కాగితంలో ఉన్నట్టే కనిపించిన షేర్లు, అమ్మమన్న రోజున లేవు.

హైదరాబాదీ:
2019 నవంబరులో బ్రోకరేజి సంస్థ కార్వీ మీద సెబీ చర్య తీసుకున్నదీ ఇటువంటి విషయంలోనే; అక్కడ తాకట్టుకు వెళ్లిన ఖాతాదారుల షేర్ల విలువ రెండు వేల కోట్లు దాటింది.

లెక్కలమాస్టారు:
ముందే ఈ మాట చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. మీ తగవు షార్ట్ చేసేవారితో కాదు, మీ షేర్లను కాపాడవలసినవాడితో. 2020 సెప్టెంబరు నుంచి ఖాతాదారు స్వయంగా ఓటీపీతో ఒప్పుకోనిదే మార్జిను, అంటే వ్యాపారానికి బ్రోకరుకు చూపే హామీ, కోసం షేర్లు తాకట్టుకు వెళ్లవు. ఇంతకీ మీ ఖాతాను మీ తరఫున నడిపే హక్కు బ్రోకరుకు ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం చేశారా?

కృష్ణాతీరం:
చేశాను. పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా చేశాను, ముప్పైకి పైగానే ఉంటాయి. మా నాన్నగారు ఒక్కటే చేశారు.