డేటా మైనింగ్ ఆన్‌లైన్‌లో నేర్చుకున్నా ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదు. ఎక్కడ తప్పుతున్నాను?

అడిగినవారు: బిల్లింగ్‌డెస్క్

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఒక కంపెనీ బిల్లింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. రోజంతా ఎక్సెల్‌తోనే. నెలాఖరు రిపోర్టులు, పివట్ టేబుల్స్, వీలుకప్‌లు, లెక్క కలవని ఇన్‌వాయిస్‌లు వెతకడం. అనలిటిక్స్ వైపు మారదామని తొమ్మిది నెలల క్రితం ఆన్‌లైన్‌లో చదువు మొదలుపెట్టాను. పిల్లలు పడుకున్నాక, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా. పైథాన్ అయింది. డేటా మైనింగ్ కోర్సు అయింది. డెసిషన్ ట్రీలు, క్లస్టరింగ్ (పోలిక ఉన్నవాటిని గుంపులు చేయడం), అసోసియేషన్ రూల్స్ (ఏ వస్తువులు కలిపి కొంటారో చూడటం) అన్నీ చేశాను. క్విజ్‌లన్నింట్లో మంచి మార్కులే వచ్చాయి. మూడు సర్టిఫికెట్లు ఉన్నాయి.

పోయిన వారం మొదటి ఇంటర్వ్యూ. కోర్సు చివర చేసిన ప్రాజెక్ట్ చూపించాను. అందరికీ డేటా ఉచితంగా ఇచ్చే యూసీఐ రిపాజిటరీలో ఉండే బ్యాంక్ మార్కెటింగ్ డేటా అది. ఫోన్ చేసి అడిగితే ఎవరు డిపాజిట్ వేస్తారో ముందే చెప్పాలి. నా మోడల్ యాక్యురసీ 90 శాతం, అంటే వంద అంచనాల్లో 90 సరైనవి. ఎదురుగా కూర్చున్నావిడ రెండే ప్రశ్నలు అడిగారు. "ఏ మోడలూ లేకపోతే ఎంత వచ్చేది?" అన్నారు. ఏమీ చెప్పలేకపోయాను. "ఇందులో ఏ కాలమ్ బాగా పనిచేసింది? అది మీ చేతికి ఎప్పుడు వస్తుంది?" అన్నారు. 'డ్యూరేషన్' అన్నాను. ఆవిడ తలూపి వేరే విషయంలోకి వెళ్లిపోయారు. ఆ ఉద్యోగం రాదని అప్పుడే తెలిసిపోయింది. కానీ నేను చేసిన తప్పేంటో ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

ఇంకో కోర్సు తీసుకోవాలా? డీప్ లెర్నింగ్ కూడా నేర్చుకోవాలా? లేక చదివిందే మళ్లీ మొదటి నుంచి చదవాలా? తొమ్మిది నెలల రాత్రులు వృథా అయ్యాయేమోనని చాలా బాధగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: వరుసలెక్క

బిల్లింగ్‌డెస్క్ గారూ, మీ పోస్ట్ చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ఆవిడ మిమ్మల్ని ఇరికించాలని అడగలేదండి. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, కొత్త మోడల్ ఎవరు తెచ్చినా నేను ముందుగా అడిగేవి ఆ రెండే.

మొదటిది చూద్దాం. ఆ ఫైల్లో 45,211 వరుసలు ఉంటాయి. సరే అని డిపాజిట్ వేసినవాళ్లు 5,289 మంది. మిగతావాళ్లంతా వద్దన్నవాళ్లే. అంటే పైథాన్ తెరవకుండా, ఒక్క కాలమ్ కూడా చూడకుండా, అందరికీ 'వద్దంటారు' అని రాసేసినా 88.3 శాతం సరైపోతుంది. మీ 90 శాతాన్ని దాని పక్కన పెట్టి చూడండి. మీరు కష్టపడి తెచ్చింది రెండు శాతం కూడా లేదు. పైగా ఆ బ్యాంకుకి కావాల్సింది వద్దనేవాళ్ల లెక్క కాదు. ఆ 5,289 మందిలో మీ మోడల్ ఎంతమందిని పట్టుకుంది? అది రీకాల్. ఫోన్ చేయమని మీరు చెప్పినవాళ్లలో ఎంతమంది నిజంగా సరేనన్నారు? అది ప్రెసిషన్. ఇవి మీ క్విజ్‌లో వచ్చే ఉంటాయి, మీరు సరిగ్గానే టిక్ పెట్టి ఉంటారు. కానీ ఫోన్ చేసే మనిషి వైపు నుంచి ఒక్కసారి కూడా ఆలోచించి ఉండరు. అలా ఆలోచించమని కోర్సులో ఎవరూ చెప్పరు కూడా.

రెండోది అంతకన్నా పెద్దది. డ్యూరేషన్ అంటే ఆ ఫోన్ కాల్ ఎన్ని సెకన్లు సాగిందో. ఎవరికి ఫోన్ చేయాలో తేల్చుకోవడానికి కదా మీ మోడల్? ఫోన్ చేయకముందే అది ఎంతసేపు సాగుతుందో మీకెలా తెలుస్తుంది? కాల్ ముగిసేసరికి జవాబు ఎలాగూ తెలిసిపోతుంది. ఇష్టం ఉన్నవాళ్లు వివరాలు అడుగుతారు కాబట్టి కాల్ పొడవవుతుంది. మీ మోడల్ జవాబులో సగం ముందే చూసేసి పరీక్ష రాసింది. డేటాతో పాటు యూసీఐ వాళ్లు ఇచ్చిన వివరణలోనే, నిజంగా వాడుకునే మోడల్ కావాలంటే ఈ కాలమ్ తీసేయమని రాసి ఉంది. మనలో ఎక్కువమంది ఆ వివరణ చదవకుండానే ఫైల్ డౌన్‌లోడ్ చేసేస్తాం.

దీన్ని డేటా లీకేజ్ అంటారు. నాకు ఇది మొదటి ఉద్యోగంలో తెలిసొచ్చింది. ఏ చందాదారులు మానేస్తారో ముందే చెప్పే మోడల్ చేశాను. టెస్ట్ డేటా మీద 97 శాతం వచ్చింది. ఆ సంతోషంలో రాత్రి నిద్ర పట్టలేదు. తీరా పనిలో పెట్టాక నెలంతా చూసినా మానేసేవాళ్లని పట్టుకోలేకపోయింది. వెనక్కి వెళ్లి ఒక్కో కాలమ్ తీసి చూస్తే 'చివరి కాల్ కారణం' అని ఒకటి ఉంది. మానేస్తానని మనిషి ఫోన్ చేసినప్పుడే కస్టమర్ కేర్ వాళ్లు దాన్ని నింపుతారు. మిగతా అందరికీ అది ఖాళీ. నా మోడల్ నేర్చుకున్నదల్లా, ఆ గడి నిండి ఉంటే మనిషి వెళ్లిపోయినట్టేనని! అప్పటి నుంచి కొత్త డేటా ఏది చేతికొచ్చినా ముందు ఒక కాగితం తీసుకుంటాను. ప్రతి కాలమ్ పేరు రాసి, ఎదురుగా 'ఎవరు నింపుతారు, ఎప్పుడు నింపుతారు' అని రెండు మాటలు రాస్తాను. దీనికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. పడనివ్వండి.

అదే ఫైల్లో 'పీడేస్' అనే కాలమ్ చూడండి. ఆ మనిషితో అంతకుముందు మాట్లాడి ఎన్ని రోజులైందో చెబుతుంది. సగటు తీస్తే 40 రోజులు వస్తుంది. ఆ సగటుకి అర్థమే లేదు. ఎందుకంటే దాదాపు 37 వేల వరుసల్లో అక్కడ -1 ఉంటుంది. అంతకుముందు ఎప్పుడూ ఫోన్ చేయలేదని చెప్పడానికి పెట్టిన గుర్తు అది. దాన్ని రోజుల సంఖ్య అనుకుంటే, ఎప్పుడూ మాట్లాడని మనిషి నిన్న మాట్లాడిన మనిషికి పక్కింటివాడైపోతాడు.

డేటా మైనింగ్ పనిని ఏ వరుసలో చేయాలో చెప్పే పద్ధతి క్రిస్ప్-డీఎమ్. దాని గురించి మీ కోర్సులో చెప్పే ఉంటారు. అందులో ఆరు దశలుంటే మోడల్ కట్టడం నాలుగోది. మొదటి మూడూ సమస్యను అర్థం చేసుకోవడం, డేటాను అర్థం చేసుకోవడం, దాన్ని సిద్ధం చేయడం. ఆన్‌లైన్ కోర్సుల్లో ఆ మూడూ ఎవరో చేసిపెట్టేస్తారు, మనం నేరుగా నాలుగో దశలో అడుగుపెడతాం. ఇంటర్వ్యూలో అడిగేది ఆ మూడింటి గురించే.

కాబట్టి డీప్ లెర్నింగ్ ఇప్పుడొద్దు. ఇంకో కోర్సూ వద్దు. అదే బ్యాంక్ ఫైల్ తీసుకుని, డ్యూరేషన్ తీసేసి, మళ్లీ చేయండి. యాక్యురసీ పక్కన పెట్టి ఏయూసీ (సరేననేవాళ్లని వద్దనేవాళ్ల కంటే పైన పెట్టగలుగుతోందా అనే కొలత; 1 అయితే పూర్తిగా సరి, 0.5 అయితే ఊరికే ఊహించినట్టే), రీకాల్ చూడండి. నంబర్ పడిపోతుంది, కంగారు పడకండి.

జవాబు: పద్దుపుస్తకం

పైన చెప్పిందంతా నిజం. నాది వేరే సంగతి. మీ ఆరేళ్ల బిల్లింగ్‌ని మీరు అసలు లెక్కలోకే తీసుకోవడం లేదు. నేనూ అకౌంట్స్ నుంచే వచ్చాను కాబట్టి చెబుతున్నాను.

యూసీఐలోనే 'ఆన్‌లైన్ రిటైల్' అని ఇంకో డేటా ఉంది. బ్రిటన్‌లో ఆన్‌లైన్‌లో గిఫ్టు వస్తువులు అమ్మే ఒక సంస్థ ఇన్‌వాయిస్‌లు అవి. 2010 డిసెంబర్ 1 నుంచి 2011 డిసెంబర్ 9 దాకా, మొత్తం 5,41,909 వరుసలు. కస్టమర్ నంబర్ లేనివే 1,35,080. ఇన్‌వాయిస్ నంబర్ 'సి' అక్షరంతో మొదలైతే అది రద్దయిన ఇన్‌వాయిస్. అందులో క్వాంటిటీ మైనస్‌లో ఉంటుంది.

ఇప్పుడు నెట్‌లో దొరికే నోట్‌బుక్‌లు (కోడ్, దాని ఫలితాలు కలిపి ఉండే ఫైళ్లు) చూడండి. చాలామంది చేసే మొదటి పని 'సి' వరుసలన్నీ తీసేయడం. డేటా శుభ్రమైపోయిందని ముందుకెళ్లిపోతారు. తర్వాత ఎక్కువ అమ్ముడైన వస్తువేదని చూస్తే, కాగితంతో చేసిన చిన్న పిట్ట బొమ్మ పైకి వస్తుంది. అది ఆ ఏడాదంతా అంత బాగా అమ్ముడైందా? లేదు. చివరి రోజు ఉదయం 9:15కి ఒకే ఇన్‌వాయిస్‌లో 80,995 బొమ్మలు. 9:27కి అవే 80,995 రద్దు. పన్నెండు నిమిషాలు! రద్దు వరుస తీసేసి అమ్మకం వరుస ఉంచేస్తే, జరగని అమ్మకం జరిగినట్టు మిగిలిపోతుంది. ఆ ఆర్డర్ పెట్టిన కస్టమర్ ఏడాదిలో అతిపెద్ద కొనుగోలుదారుల్లో ఒకరైపోతారు. నిజానికి వాళ్లు కొన్నది దాదాపు ఏమీ లేదు. ఇక క్లస్టరింగ్ చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇన్‌వాయిస్‌నీ దాని క్రెడిట్ నోట్‌నీ జత కలపకుండా మీరు నెలాఖరు రిపోర్ట్ ఎప్పుడైనా పంపారా? పంపరు. ఈ డేటాలో మూల ఇన్‌వాయిస్ నంబర్ చెప్పే కాలమ్ లేదు. కస్టమర్, వస్తువు, క్వాంటిటీ, సమయం చూసి మీరే జత కలపాలి. ప్రోగ్రామింగ్ బాగా వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడ ఆగిపోతారు. మీకు ఇది చేతిలో పని. దీన్నే ప్రాజెక్ట్‌గా చేయండి. అసోసియేషన్ రూల్స్ కూడా ఆ తర్వాతే, లేకపోతే రద్దులు కూడా ఒకేసారి కొన్న వస్తువుల బుట్టలుగా లెక్కకొచ్చేస్తాయి.

ఇంకొకటి. మీ పోస్ట్‌లో ఎస్క్యూఎల్ (డేటాబేస్ టేబుల్స్ నుంచి డేటా తీసే భాష) మాటే లేదు. ఇది అత్యవసరం. ఆర్డర్ల టేబుల్‌ని చెల్లింపుల టేబుల్‌తో జాయిన్ చేశారనుకోండి, అంటే ఆర్డర్ నంబర్ చూసి రెండూ కలిపారనుకోండి. ఒక ఆర్డర్‌కి రెండు విడతల్లో కట్టి ఉంటే, ఆ ఆర్డర్ రెండు వరుసలవుతుంది. అప్పుడు ఆర్డర్ మొత్తాలు కూడితే ఆ అమ్మకం రెండుసార్లు పడుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, రిపోర్ట్ చక్కగా వస్తుంది, అంకె మాత్రం తప్పు. జాయిన్‌కి ముందు ఎన్ని వరుసలు, తర్వాత ఎన్ని అని ప్రతిసారీ లెక్కపెట్టే అలవాటు ఇప్పుడే చేసుకోండి.

జవాబు: రెండోషిఫ్ట్

సర్టిఫికెట్లు దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వేరే రంగం నుంచి వచ్చినవాళ్ల రెజ్యూమే పక్కన పడేయకుండా చూడటానికి అవి నాకు పనికొచ్చాయి. ఆ తర్వాత మాత్రం వాటి గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు, ప్రాజెక్ట్ గురించే అడిగారు.

నాకు పనిచేసిన పద్ధతి ఒకటి చెబుతాను. కోడ్ రాయకముందే ఒక పేజీ రాసేదాన్ని. ఈ ఫలితం చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు, ఏ రోజున తీసుకుంటారు, తప్పైతే ఎవరికి నష్టం. ఆ పేజీ రాయలేకపోతే నాకు సమస్య ఇంకా అర్థం కాలేదన్నమాట. మీ రెండు గంటల్లో మొదటి అరగంట వీడియోకి ఇచ్చి, మిగతా గంటన్నర వీడియో మూసేసి ఖాళీ నోట్‌బుక్‌తో కూర్చోండి. మొదట్లో చాలా టెన్షన్‌గా ఉంటుంది. నాకు మూడు వారాలు పట్టింది తేలికపడటానికి.

బిల్లింగ్‌డెస్క్ (మూడు వారాల తర్వాత)

మీ అందరికీ ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియడం లేదు. బ్యాంక్ ఫైల్ మళ్లీ చేశాను. కాగితం మీద కాలమ్‌లన్నీ రాశాను, వరుసలెక్క గారు చెప్పినట్టే. డ్యూరేషన్ తీసేస్తే లాజిస్టిక్ రిగ్రెషన్ అనే మోడల్ ఏయూసీ 0.9 పైనుంచి 0.8 కిందికి పడిపోయింది. రీకాల్ అయితే చూడబుద్ధి కాలేదు, సరేనన్నవాళ్లలో చాలామంది జారిపోయారు. మొదటి రోజు ల్యాప్‌టాప్ మూసేసి పడుకున్నాను.

మర్నాడు మోడల్ జోలికి పోకుండా పివట్ టేబుల్ వేశాను, నాకు చేతనైన పని కదా. 'పీఔట్‌కమ్' కాలమ్‌లో, అంతకుముందు ప్రచారం ఫలించినవాళ్లు 1,511 మంది. వాళ్లలో ఈసారి కూడా సరేనన్నవాళ్లు 978. నూటికి 65 మంది దాకా! మొత్తం ఫైల్లో చూస్తే నూటికి 12 కూడా లేరు. ఈ సంగతి ఫోన్ చేయకముందే బ్యాంకుకి తెలుసు. ఇది చూశాక చాలా సంతోషమేసింది. తొమ్మిది నెలల్లో ఒక ప్రశ్నకి నేను సొంతంగా జవాబు కనుక్కోవడం ఇదే మొదటిసారి.

ఎస్క్యూఎల్ మొదలుపెట్టాను. రద్దుల జత సగం అయింది. ఒకే కస్టమర్ ఒకే వస్తువు రెండుసార్లు కొని, కొంతే రద్దు చేస్తే దేనితో కలపాలో తేలడం లేదు. మా ఆఫీసులోనైతే పాత ఇన్‌వాయిస్‌కి ముందు సర్దుతాం.

వరుసలెక్క

ఆ 1,511 దొరికినందుకు నాకూ చాలా సంతోషంగా ఉందండి. ఈసారి ఇంటర్వ్యూలో మొదట ఆ పివట్ టేబుల్ చూపించండి, మోడల్ తర్వాత.

రద్దుల విషయంలో మీ ఆఫీసు పద్ధతే పెట్టండి. ఆ పద్ధతి పెట్టానని నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయండి, చాలు. మరీ అనుమానంగా ఉంటే కొత్త ఇన్‌వాయిస్‌కి సర్ది కూడా చూసి, చివరి అంకె ఎంత మారిందో పక్కనే రాయండి.

బ్యాంక్ ఫైల్లో ఇంకొకటి మిగిలింది. ఆ వరుసలు తేదీ క్రమంలో ఉన్నాయి, 2008 మే నుంచి 2010 నవంబర్ దాకా. మీరు ట్రెయిన్ (నేర్పించే వరుసలు), టెస్ట్ (పరీక్షించే వరుసలు) కలగాపులగంగా విడదీసి ఉంటారు. అంటే 2010లో జరిగినవి చూసి 2008లో ఏం జరుగుతుందో చెప్పిస్తున్నారు. ఈసారి మొదటి నలభై వేల వరుసల మీద నేర్పించి, మిగిలిన వాటి మీద పరీక్షించండి. అంతకంటే ముందు, ఆ చివరి వరుసల్లో సరేనన్నవాళ్లు ఎంత శాతమో లెక్కపెట్టి, మొదటి వాటితో పోల్చి ఇక్కడ రాయండి. ఎదురుచూస్తుంటాను.