జనరల్ మోటార్స్‌ని మొదలుపెట్టింది ఎవరు? షెవర్లే అనే ఆయనెవరు మరి?

ఎన్ఏడీ_కుర్రాడు

మా మావయ్యది 2011 మోడల్ తవేరా. గోపాలపట్నం నుంచి అరకు, లంబసింగి ట్రిప్పులు కొట్టిన బండి, ఇప్పుడు అమ్మకానికి పెట్టాడు. చూడ్డానికి వచ్చినాయన బోనెట్ ఎత్తి "ఇది షెవర్లే ఏటి బాబూ, లోపలంతా జపాన్ వాళ్ల ఇసుజు, కంపెనీ చూస్తే జనరల్ మోటార్స్, ముందున్న బొమ్మొక్కటే షెవర్లేది" అన్నాడు. మావయ్య ఊరుకుంటాడా, గంటసేపు వాదన, బేరం గాలికి పోయింది. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. ఫోర్డ్ అంటే హెన్రీ ఫోర్డ్, ఒక మనిషి, ఒక కథ. జనరల్ మోటార్స్‌కి అలాంటి మనిషెవరూ లేరా? బ్యూక్, కాడిలాక్, షెవర్లే, ఒపెల్ అని ఇన్ని పేర్లెందుకు? దశాబ్దాల పాటు ప్రపంచంలో నంబర్ వన్‌గా ఉన్నది 2009లో దివాలా ఎలా తీసింది? దయచేసి లింకులు పడేసి పోకండి, తెలిసినవాళ్లు మామూలుగా చెప్పండి.

పాతబండి_పిచ్చోడు

మనిషి ఉన్నాడు తమ్ముడూ, కంపెనీకి తన పేరు పెట్టుకోలేదు, అంతే. విలియం డ్యూరాంట్, అందరూ బిల్లీ అనేవారు, మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊళ్లో పెరిగాడు. ఇంజినీరు కాదు, మెకానిక్ అసలే కాదు, పుట్టుకతో సేల్స్‌మన్. 1886లో తెలిసినాయన గుర్రబ్బండి ఎక్కితే కుదుపు తెలియలేదట, వెంటనే బ్యాంకులో అప్పు చేసి ఆ బండి తయారుచేసే హక్కులు కొనేశాడు. ఇంకొకర్ని భాగస్వామిగా పెట్టుకుని పదిహేనేళ్లలో అమెరికాలో గుర్రబ్బండ్లు చేసే అతి పెద్ద కంపెనీల్లో ఒకటిగా దాన్ని నిలబెట్టాడు. కార్లంటే మొదట్లో ఆయనకి పడేది కాదు, మోత, కంపు అని.

1904లో ములిగిపోతున్న బ్యూక్ కంపెనీని ఆయన చేతిలో పెట్టారు. ఈ డేవిడ్ బ్యూక్ కథ ఇంకో విషాదం, ఇనప బాత్‌టబ్బులకి ఎనామిల్ పూత పట్టించే పద్ధతి కనిపెట్టిన మనిషి, కార్ల పిచ్చిలో పడి ఉన్నదంతా పోగొట్టుకుని చివరికి పేదరికంలో పోయాడు. ఆయన పేరు మాత్రం ఇప్పటికీ లక్షల కార్ల మీద తిరుగుతోంది. సరే, డ్యూరాంట్ నాలుగేళ్లలో బ్యూక్‌ని అమెరికాలో అమ్మకాల్లో పైకి తెచ్చాడు, ఆ ఊపులో 1908 సెప్టెంబర్ 16న జనరల్ మోటార్స్ (జీఎం) రిజిస్టర్ చేశాడు. అది కార్లు చేసే కంపెనీ కాదు గమనించు, కార్ల కంపెనీలు కొనే కంపెనీ. ఏడాది తిరక్కుండా ఓల్డ్స్‌మొబీల్, కాడిలాక్, తర్వాత పాంటియాక్‌గా మారిన ఓక్లాండ్, చిన్నాచితకా విడిభాగాల కంపెనీలు, అన్నీ కొన్నాడు. ఫోర్డ్‌ని కూడా కొనబోయాడు! 80 లక్షల డాలర్లు అడిగాడు హెన్రీ ఫోర్డ్, బ్యాంకులు అప్పివ్వలేదు. ఫోర్డ్ చవక కారు మోడల్ టీ వచ్చింది 1908 అక్టోబర్‌లోనే, అంటే ఆ కంపెనీని అంత ధరకి వద్దనుకున్న బ్యాంకర్లు తర్వాత ఎంత ఏడ్చి ఉంటారో ఊహించుకో.

1910కి అప్పులు మెడకి చుట్టుకున్నాయి. డబ్బిస్తాం, నువ్వు పక్కకి జరుగు అన్నారు బ్యాంకర్లు. జరిగాడు. ఊరుకోకుండా 1911లో లూయీ షెవర్లే అనే రేసు డ్రైవర్ని పట్టుకుని ఇంకో కంపెనీ పెట్టాడు. లూయీ స్విట్జర్లాండ్‌లో పుట్టినవాడు, బ్యూక్ టీమ్‌కి రేసులు నడిపినవాడు. ఆయనకి పెద్ద దర్జా కారు చెయ్యాలని, ఈయనకి చవక కారు అమ్మాలని. పొసగలేదు, లూయీ రెండు మూడేళ్లకే వదిలి వెళ్లిపోయాడు, పేరు హక్కు డ్యూరాంట్ దగ్గరే ఉండిపోయింది. 1915లో 490 డాలర్లకి "490" అనే కారు దించాడు, సరిగ్గా మోడల్ టీ ధరకి. అమ్మకాలు దుమ్ము లేచిపోయాయి. ఆ షెవర్లే షేర్లు అయిదిచ్చి ఒక జీఎం షేరు తీసుకుంటూ, చడీచప్పుడు లేకుండా పోగేసుకుంటూ వెళ్లి, 1916లో తనని గెంటేసిన కంపెనీలోకి యజమానిగా నడుచుకుంటూ వచ్చాడు.

అంటే షెవర్లే జనరల్ మోటార్స్‌ని కొన్నట్టు లెక్క. మీ మావయ్య తర్వాతి వాదనకి ఇది పనికొస్తుంది.

1920లో షేర్లు పడుతుంటే, నిలబెడదామని అప్పు చేసి మరీ కొన్నాడు, మొత్తం పోయింది. డ్యూపాంట్ కుటుంబం, మోర్గాన్ బ్యాంకు కలిసి అప్పు తీర్చి రెండోసారి బయటకి పంపాయి. ఈసారి తిరిగి రాలేదు. 1936లో దివాలా, ముసలితనంలో ఫ్లింట్‌లోనే బౌలింగ్ ఆడుకునే హాలు ఒకటి నడిపాడు. 1947 మార్చిలో ఆయన, ఏప్రిల్‌లో హెన్రీ ఫోర్డ్ పోయారు.

ఎన్ఏడీ_కుర్రాడు

అమ్మో, ఇది తెలీదు. మరి ఇంత జూదగాడు పెట్టిన కంపెనీ ఫోర్డ్‌ని ఎలా దాటింది?

కామర్స్_మేస్టారు

దాటించింది డ్యూరాంట్ కాదు నాయనా, ఆల్‌ఫ్రెడ్ స్లోన్. ముప్పై ఏళ్లు కాలేజీలో మేనేజ్‌మెంట్ చెప్పాను, ఈయన పేరు రాని సంవత్సరం లేదు. బేరింగుల కంపెనీ నడుపుకుంటుంటే డ్యూరాంట్ దాన్ని కొన్నాడు, దాంతోపాటు ఈయనా వచ్చాడు. 1923లో ప్రెసిడెంట్ అయ్యేసరికి ఇల్లంతా గందరగోళం, జీఎం కార్లు ఒకదానితో ఒకటే పోటీపడుతున్నాయి, ఏది ఎంతకి అమ్మాలో ఎవరికీ తెలీదు.

ఆయన చేసింది వినడానికి చిన్నదే. మన రైల్లో జనరల్, స్లీపర్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీ ఉన్నట్టు ఒక్కో పేరుకి ఒక్కో ధర గీత గీశాడు. అడుగున షెవర్లే, దాని పైన పాంటియాక్, ఆ పైన ఓల్డ్స్‌మొబీల్, బ్యూక్, అన్నిటికంటే పైన కాడిలాక్. జీతం పెరిగినవాడు పై పెట్టెలోకి మారాలి, రైలు మాత్రం మారకూడదు. నువ్వడిగిన "ఇన్ని పేర్లెందుకు"కి జవాబు ఇదే.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వాయిదాలు. 1919లోనే జీఎం సొంతంగా ఫైనాన్స్ కంపెనీ పెట్టి కొనేవాడికి అప్పివ్వడం మొదలుపెట్టింది. ఫోర్డ్‌కి అప్పంటే మంట. ముందు వారం వారం డబ్బు కట్టు, మొత్తం అయ్యాక కారు పట్టుకెళ్లు అనే పథకం పెట్టాడు 1923లో. చిట్టీ కట్టి ఆఖర్న పాడుకున్నట్టు! కారు ఇప్పుడు కావాల్సినవాడు ఎటు పోతాడో మీరే చెప్పండి. దానికి తోడు పాత కారు ఇచ్చి కొత్తది తీసుకునే పద్ధతి, ఏటేటా కొత్త ముఖం, రంగులు. మోడల్ టీ 1914 నుంచి పన్నెండేళ్ల దాకా నలుపే. 1927లో మోడల్ టీ ఆపి కొత్త మోడల్ కోసం ఫోర్డ్ ఫ్యాక్టరీలు నెలల తరబడి మూతపడ్డాయి, షెవర్లే ముందుకి వెళ్లిపోయింది.

నా దృష్టిలో జీఎం గొప్పతనం ఎప్పుడూ ఇంజిన్లో లేదు, లెక్కల పుస్తకంలో ఉంది. ఇంజినీర్లు నన్ను తిట్టుకున్నా పర్లేదు.

ఘాట్‌రోడ్_డ్రైవర్

తిడతాం మేస్టారూ. 1912 కాడిలాక్‌కి సెల్ఫ్ స్టార్ట్ పెట్టింది వీళ్లే, కెటరింగ్ అనే ఆయన పుణ్యం. అంతకుముందు ముందర హ్యాండిల్ తిప్పేటప్పుడు ఇంజిన్ ఎదురుతన్నితే చెయ్యి విరిగిపోయేది.

తవేరా సంగతి నేను చెప్తాను, ఏళ్ల తరబడి దాన్నే నడిపాను. కొనడానికి వచ్చినాయన చెప్పింది సగం నిజం. ఇంజిన్ ఇసుజు 2.5 లీటర్ల డీజిల్, బండి డిజైన్ కూడా ఇసుజుదే. కానీ ఇసుజులో జీఎంకి 1971 నుంచి వాటా ఉండేది, 2006 దాకా. అంటే పక్కింటి సరుకు కాదు, చుట్టాల సరుకే. ఖాళీగా వస్తుంటే వెనకాల లీఫ్ స్ప్రింగుల మీద గంతులేస్తుంది, తొమ్మిది మంది ఎక్కి పైన క్యారియర్ మీద సామాను పడ్డాక సర్దుకుంటుంది. బొడ్డవర దాటాక ఘాట్ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్లో వదిలేస్తే, మొత్తుకోకుండా అనంతగిరి దాకా లాక్కుపోయేది. ఎక్కడైనా మలుపులో ఎదురుగా బస్సొచ్చి ఆగాల్సొస్తే మళ్లీ కదిలించడానికి క్లచ్ మీద పని పడేది, అప్పుడొచ్చే వాసన తవేరా డ్రైవర్లందరికీ తెలుసు.

మరక కూడా చెప్పాలి కదా. 2005 నుంచి 2013 మధ్య చేసిన తవేరాలు 1.14 లక్షలు వెనక్కి పిలిచారు, పొగ పరీక్షకి వెళ్లే బండ్లకి ఏరిన ఇంజిన్లు బిగించేవారని బయటపడి. కొందరి ఉద్యోగాలు కూడా పోయాయి. ఫోక్స్‌వాగన్ పొగ పరీక్షల్లో మోసం చేసిన గొడవ వచ్చింది 2015లో, అంటే అంతకి రెండేళ్ల ముందే.

ఉక్కునగరం_బాబ్జీ

దివాలా సంగతికొస్తే అందరూ చెప్పేది ఒకటే, యూనియన్లు ముంచేశాయి. ఇక్కడ ఆ మాట గట్టిగా అంటే తన్నులు తినాల్సొస్తుంది అనుకోండి, అయినా నిజమేనా? అక్కడున్నవాళ్లెవరైనా చెప్పండి.

మిషిగన్‌లో_మనోడు

సీతమ్మధారలో పెరిగి ఇక్కడ డెట్రాయిట్ పక్కనే కార్ల విడిభాగాల పనిలో ఉన్నాను, కాబట్టి ఈ గొడవ రోజూ వినేదే. సగం నిజం బాబ్జీ గారూ, ఆ సగం కూడా ఎలా మొదలైందో చూడాలి. 1936 డిసెంబర్ 30న ఫ్లింట్‌లో పనివాళ్లు బయటకి రాలేదు, లోపలే మిషన్ల పక్కన కూర్చుండిపోయారు. బయట నుంచుంటే వేరేవాళ్లని పెట్టుకుని లైను నడిపేస్తారని వాళ్ల భయం. మిషిగన్ చలికాలం, కంపెనీ హీటింగ్ ఆపించింది, పోలీసులు బాష్పవాయువు వదిలారు, లోపల్నుంచి వీళ్లు డోర్ల కీలు ఇనుములు విసిరారు. 44 రోజులయ్యాక జీఎం దిగొచ్చి యూనియన్‌ని గుర్తించింది. ఆ తర్వాత 1950లో అయిదేళ్ల ఒప్పందం, పింఛను, వైద్య ఖర్చులు కంపెనీ నెత్తిన. అప్పట్లో జీఎం సంతోషంగానే ఒప్పుకుంది, ఎందుకంటే అమెరికాలో అమ్మే ప్రతి రెండు కార్లలో దాదాపు ఒకటి వాళ్లదయ్యే రోజులు వస్తున్నాయి, సమ్మె లేకపోవడమే లాభం. జీతం ఇప్పుడు పెంచే బదులు తర్వాత ఇస్తాం అన్న మాట అది. తర్వాత వచ్చేసరికి పనిచేసేవాళ్లకంటే రిటైరైనవాళ్లే ఎక్కువయ్యారు. వైద్యం ఖర్చే ఒక్కో కారు మీద 1500 డాలర్ల దాకా పడుతోందని 2005లో కంపెనీయే చెప్పుకుంది.

మిగతా సగం మేనేజ్‌మెంట్‌ది. మేస్టారు చెప్పిన ఆ ధర గీతల్ని వాళ్లే చెరిపేశారు. 1980ల్లో ఖర్చు తగ్గిద్దామని షెవర్లే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబీల్, బ్యూక్ నాలుగింటికీ ఒకే బాడీ, ముందు జాలీ మార్చి అమ్మారు. పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం. ఎక్కువ డబ్బెందుకిస్తాడు జనం? చిన్న కార్లు జపాన్ వాళ్లకి వదిలేసి పెద్ద ఎస్‌యూవీల లాభం మీద బతికారు, 2008లో పెట్రోల్ ధర ఆకాశానికి పోగానే అవి షోరూముల్లో ఉండిపోయాయి. ఆ ఏడాది నష్టం 3,090 కోట్ల డాలర్లు.

నాకు మండేది వేరే విషయం. జపాన్ పద్ధతి వాళ్లకి తెలియక కాదు. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ మహా అల్లరిదని పేరుపడి 1982లో మూసేశారు, 1984లో టొయోటాతో కలిసి తెరిచారు, పనివాళ్లు చాలామంది పాతవాళ్లే, యూనియనూ అదే. ఎవరైనా తాడు లాగి లైను ఆపొచ్చు, తప్పు కనిపిస్తే అక్కడే సరిచెయ్యాలి. కొద్ది కాలానికే నాణ్యతలో జీఎంలోనే మేటి అయ్యింది. అదే మనుషులతో! మిగతా ఫ్యాక్టరీలకి ఆ పాఠం ఎక్కించడానికి జీఎంకి పదేళ్ల పైనే పట్టింది. ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో టెస్లా కార్లు చేస్తోంది.

2009 జూన్ 1న దివాలా పిటిషన్, జులై 10కి కొత్త కంపెనీగా బయటకి. మొత్తం 5,000 కోట్ల డాలర్ల దాకా ప్రభుత్వ డబ్బు, అందులో వెయ్యి కోట్ల పైచిలుకు తిరిగి రానేలేదు. పాంటియాక్, సాటర్న్, హమ్మర్ మూసేశారు. ఓల్డ్స్‌మొబీల్ 2004లోనే పోయింది.

ఎన్ఏడీ_కుర్రాడు

ధన్యవాదాలు అందరికీ. ఒక్కటే మిగిలింది, మన దేశం ఎందుకు వదిలేశారు? అందరూ నష్టాలని అనేసి ఊరుకుంటున్నారు.

పాతబండి_పిచ్చోడు

నష్టాలు నిజమే, కానీ వాళ్లు ఇక్కడికి రావడం కూడా రెండుసార్లు జరిగింది. 1928లో బొంబాయిలో విడిభాగాలు తెచ్చి కార్లు బిగించేవారు, స్వాతంత్ర్యం తర్వాత ఇక్కడే తయారుచెయ్యాలనే నిబంధనలు బిగుసుకున్నాక 1954లో సర్దుకున్నారు. రెండోసారి 1996లో గుజరాత్ హాలోల్ నుంచి తమ జర్మన్ కంపెనీ ఒపెల్ పేరుతో, ఆస్ట్రా కారుతో వచ్చి, 2003లో పేరు షెవర్లేకి మార్చారు. గట్టిగా చూస్తే మనకి అమెరికన్ షెవర్లే పెద్దగా దొరకనే లేదు. స్పార్క్ అంటే దేవూ మాటిజ్ వంశం, బీట్ కూడా కొరియాలో డిజైన్ చేసిందే, తవేరా ఇసుజు. పేర్లు మార్చి అమ్మే ఆ పాత అలవాటు ఇక్కడా వదల్లేదు. మారుతి, హ్యుందాయ్ ఇక్కడి వాడికి ఏం కావాలో చూసి చేస్తుంటే వీళ్లు ఇంకెక్కడిదో తెచ్చి బొమ్మ అతికించారు.

2017 మేలో అమ్మకాలు ఆపేస్తాం అన్నారు. హాలోల్ ఫ్యాక్టరీ చైనా కంపెనీ సాయిక్ కొంది, బీచ్ రోడ్డులో తిరిగే ఎంజీ హెక్టర్లు అక్కడివే. పూణె దగ్గర తళేగావ్ ఫ్యాక్టరీ హ్యుందాయ్‌కి వెళ్లింది. ఇసుజు మాత్రం 2016లో సొంతంగా మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచింది.

మిషిగన్‌లో_మనోడు

ఆ 2017లోనే ఒపెల్‌ని కూడా ఫ్రెంచ్ వాళ్లకి అమ్మేశారు. 1929 నుంచి చేతిలో ఉన్న కంపెనీ, యూరప్‌లో 1999 తర్వాత ఒక్క ఏడాదీ లాభం చూడలేదు. కాబట్టి మన దేశం మీద ప్రత్యేకంగా అలిగి వెళ్లారనుకోకండి, ఆ ఊపులో చాలాచోట్ల దుకాణం కట్టేశారు.