బామ్మర్ది మీద మర్డర్ కేసు: 103 పెట్టారు, ఇక అంతేనా?

పత్తిచేను:
మాది పల్నాడు వైపు పల్లె. గట్టు దగ్గర నీళ్ల మళ్లింపు మీద రెండు ఇళ్లవాళ్లకి మాటామాటా పెరిగి కొట్టుకున్నారు. అవతలి పెద్దాయనకి పార దెబ్బ తలకి తగిలింది. గుంటూరులో 9 రోజులు ఆసుపత్రిలో ఉండి పోయారు. మొదట హత్యాయత్నం అని 109 రాశారు, ఆయన పోయాక హత్య అని 103(1) రెడ్ విత్ 3(5)కి మార్చారు. కొట్టింది ఏ-1 (మొదటి ముద్దాయి), మా బామ్మర్ది ఏ-3. రిమాండ్‌కి వెళ్లి 40 రోజులైంది. సెషన్స్ కోర్టులో బెయిల్ కొట్టేశారు. మా అత్తగారు సరిగా అన్నం తినడం లేదు. ఊళ్లో ఒకాయన రెండు లక్షలిస్తే సెక్షన్ తగ్గించేలా చేస్తానంటున్నాడు. ఇవ్వాలా? అసలు ఈ కేసు ఎలా నడుస్తుంది?

పాత_బెంచి_క్లర్కు:
ఆ రెండు లక్షలు ప్లీడరు ఫీజుకి దాచుకో నాయనా. 31 ఏళ్లు కోర్టులో పనిచేశాను, ఇలాంటి మధ్యవర్తుల్ని వరండాలో రోజూ చూసేవాణ్ణి. మనిషి పోయాక పోలీసులు మెమో వేసి సెక్షన్ మార్చడం మామూలే. చివరికి ఏ సెక్షన్ కింద చార్జి పెట్టాలో తేల్చేది జడ్జిగారు.

ఇప్పుడు చార్జిషీట్ వస్తుంది. మేజిస్ట్రేటు కోర్టులో పీఆర్‌సీ (సెషన్స్‌కి పంపాల్సిన కేసుల రిజిస్టరు) నంబరు పడుతుంది. కాపీలన్నీ ముద్దాయికి ఉచితంగా ఇస్తారు, ఒక్కో పేజీ లెక్కపెట్టి మరీ తీసుకోండి. ఆ తర్వాత కేసు సెషన్స్‌కి కమిట్ అవుతుంది, అంటే అక్కడికి పంపేస్తారు. అక్కడ డిశ్చార్జి (విచారణ లేకుండానే కేసు నుంచి తీసేయమని) అడగొచ్చు, లేదంటే చార్జీలు చదివి వినిపిస్తారు. అప్పుడు సాక్షులు, ఆఖర్న ముద్దాయిని జడ్జిగారే ప్రశ్నలు అడగడం, వాదనలు.

రిమాండ్ తేదీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకో. 90 రోజుల్లో చార్జిషీట్ పడకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. కానీ అడిగితేనే. 91వ రోజు పిటిషన్ వేయకుండా కూర్చుంటే, ఈలోపు చార్జిషీట్ వచ్చిందంటే ఆ హక్కు పోయినట్టే.

నల్లకోటు_జూనియర్:
క్లర్కు గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. మనిషి చనిపోయిన ప్రతి కేసూ 'మర్డర్' కాదు. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 103 హత్య: యావజ్జీవం లేదా ఉరి. 105 హత్య కాని నరహత్య, అంటే పాత ఐపీసీ 304. అందులో రెండు భాగాలు. చంపే ఉద్దేశమో, చావుకి దారితీసే గాయం చేసే ఉద్దేశమో ఉంటే యావజ్జీవం లేదా 5 నుంచి 10 ఏళ్లు. ఉద్దేశం లేదు గానీ చావొచ్చని తెలుసు అంటే గరిష్ఠంగా 10 ఏళ్లు. నిర్లక్ష్యం వల్ల చావు 106, అది మీకు వర్తించదు. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకి ఈ నంబర్లు. అంతకు ముందువి ఇప్పటికీ ఐపీసీ 302 (హత్య), 304లే.

గట్టు గొడవల్లో చాలాసార్లు కొట్టారా లేదా అన్నదాని కంటే 103కీ 105కీ మధ్య గీత ఎక్కడన్నదే అసలు పోరాటం. ముందు అనుకోకుండా, అప్పటికప్పుడు పుట్టిన కొట్లాటలో, ఆవేశంలో, అదను చూసుకోకుండా, క్రూరంగా ప్రవర్తించకుండా జరిగితే హత్య నుంచి మినహాయింపు ఉంది. అందుకే పార ఎక్కడిది అన్నది ముఖ్యం. చేలో పడి ఉన్నదా, ఇంటికెళ్లి తెచ్చిందా?

ఒక్క దెబ్బేగా, హత్య ఎలా అవుతుంది అనుకోకండి. విర్సా సింగ్ కేసులో ఒక్క బల్లెం పోటే, 1958లో సుప్రీంకోర్టు హత్యే అంది. తల మీద కొట్టలేదుగా అన్న వాదన కూడా ప్రతిసారీ నిలవదు. మీ పక్క ఊరి కేసే, రాయవరపు పున్నయ్య కేసు. రొంపిచర్ల ఊరి కక్షలు. బస్సు దిగిన మనిషిని కర్రలతో కాళ్ల మీదా చేతుల మీదా కొట్టారు, 19 గాయాలు. హైకోర్టు 304 రెండో భాగానికి తగ్గిస్తే, 1976లో సుప్రీంకోర్టు మళ్లీ 302 చేసింది. దేశంలో ఏ లా కాలేజీలో చూసినా ఈ తీర్పు చదువుతారు, మన పల్నాడు పేరు అలా నిలబడింది ఖర్మ.

పత్తిచేను:
పార చేలోదే సార్. ఇంకోటి, 9 రోజులు బతికాడు కదా, డాక్టర్లు సరిగా చూడక పోయాడని వాదించొచ్చా?

నల్లకోటు_జూనియర్:
దాని మీద ఆశ పెట్టుకోవద్దు. సరైన వైద్యం అంది ఉంటే బతికేవాడు అన్నంత మాత్రాన గాయం చేసినవాడు తప్పించుకోలేడని చట్టంలోనే వివరణ ఉంది. ఇన్ఫెక్షన్ వల్ల రోజుల తర్వాత పోయిన కొన్ని కేసుల్లో శిక్ష తగ్గింది, కొన్నింట్లో తగ్గలేదు. పోస్ట్‌మార్టం రిపోర్టులో చావుకి కారణం ఏం రాశారో చూడకుండా చెప్పలేం.

మీవాడు ఏ-3 కదా. అతనికి ఏ ఓవర్ట్ యాక్ట్ (అతను స్వయంగా చేశాడన్న పని) పెట్టారు? కేసు ఎవరి స్టేట్‌మెంట్ మీద రిజిస్టర్ అయింది?

పత్తిచేను:
ఆసుపత్రిలో ఆ పెద్దాయన చెప్పిందే ఎఫ్ఐఆర్. దాంట్లో మావాడి పేరు 'కూడా ఉన్నాడు' అనే ఉంది. రిమాండ్ రిపోర్టులో మాత్రం చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు అని రాశారు.

నల్లకోటు_జూనియర్:
ఇది ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదండీ! ఆయన చనిపోయాడు కాబట్టి ఆ స్టేట్‌మెంటే ఇప్పుడు మరణ వాంగ్మూలం. చస్తానని తెలిసి చెప్పి ఉండాలన్న నియమం మన చట్టంలో లేదు. అది ప్రాసిక్యూషన్‌కి బలమే. కానీ మీవాడి వరకూ అదే రెండువైపులా తెగుతుంది. చేతులు పట్టుకున్నాడన్నది తర్వాత చేరిన మాటైతే క్రాస్‌లో (సాక్షిని ఎదురు ప్రశ్నలడిగేటప్పుడు) ముందుగా పట్టుకునేది దాన్నే. 3(5) అంటే ఉమ్మడి ఉద్దేశం. అది అక్కడికక్కడే పుట్టొచ్చు కూడా, కానీ పక్కన ఉన్నంత మాత్రాన సరిపోదు. మేజిస్ట్రేటు విడిగా ఏమైనా రికార్డు చేశారేమో కనుక్కోండి. ఎఫ్ఐఆర్ మేజిస్ట్రేటు దగ్గరికి ఏ రోజు, ఎన్ని గంటలకి చేరిందో దాని మీదే రాసి ఉంటుంది, అదీ చూడమనండి.

వాయిదాల_బాట:
మా నాన్న మీద 302 ఉండేది. నాలుగున్నరేళ్లు నడిచింది, కొట్టేశారు. చూసిన సాక్షి ఎవరూ లేరు. చివరిసారి మా నాన్నతో కలిసి కనిపించాడు అని ఒకరు, మా నాన్న తన దగ్గరికొచ్చి ఒప్పుకున్నాడు అని వీఆర్వో, చెరువు గట్టున కత్తి దొరికిందని పంచనామా. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యం కాదు, అందుకని ఈ వీఆర్వో కథ చాలా కేసుల్లో వస్తుందని మా ప్లీడరు గారు చెప్పారు. క్రాస్‌లో ఆయన అడిగింది నాలుగే ప్రశ్నలు. ముద్దాయి అంతకు ముందు నీకు తెలుసా? తెలియదు. నీతో ఏమైనా పనిపడిందా? లేదు. మీ ఊరేనా? కాదు. మరి నీ దగ్గరికే ఎందుకు వచ్చాడు? ఆయన నేల చూపులు చూశాడు.

శరద్ సార్దా కేసని 1984లో సుప్రీంకోర్టుది ఒకటి ఉంది, చూసిన సాక్షి లేనప్పుడు గొలుసులో ఒక్క లంకె కూడా తెగకూడదంటుంది. మా జడ్జిమెంటులో దాన్నే రాశారు.

కానీ పత్తిచేను అన్నా, కొట్టేశాక కూడా ఆ నాలుగున్నరేళ్లు తిరిగి రావు. కోర్టు క్యాంటీన్ టీ వాసన వస్తే నాకిప్పటికీ కడుపులో తిప్పుతుంది. చివర్లో జడ్జిగారు అడిగే ప్రశ్నలకి 'తెలియదు, అబద్ధం' అని చెప్పేసి వచ్చేస్తారు చాలామంది. మీవాడు చెప్పాల్సింది ఉంటే రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, అది అడగండి.

సరదా_రాజు:
ఆవేశంలో చేశానంటే వదిలేస్తారుగా, ఆ నేవీ ఆఫీసర్ నానావతిని వదిలేసినట్టు?

పాత_బెంచి_క్లర్కు:
సగం కథ విని వచ్చావు. 1959లో బొంబాయి జ్యూరీ వదిలేసింది, హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. ఇంకొకరితో తన సంబంధం గురించి భార్య నిజం చెప్పాక ఆయన కుటుంబాన్ని సినిమా దగ్గర దించి, ఓడకి వెళ్లి రివాల్వర్ తీసుకుని, అప్పుడెళ్లి ఆ మనిషిని కాల్చాడు. అంతసేపు ఆగాక ఆవేశం చల్లారినట్టే లెక్క. బయటికి వచ్చింది తర్వాత క్షమాభిక్షతో.

అన్న_లేనివాడు:
అందరూ ముద్దాయి వైపే మాట్లాడుతున్నారు. మా అన్నని చంపారు. మా కేసులో ఏడుగురు సాక్షుల్లో ఐదుగురు హోస్టైల్, అంటే అడ్డం తిరిగారు. మా పిన్ని కొడుకే బోనులో నిలబడి 'నేను చూడలేదు' అన్నాడు. పత్తిచేను గారూ, మీరు కేసు వాదించుకోండి, అది మీ హక్కు. సాక్షుల ఇళ్లకి మాత్రం వెళ్లకండి, రాజీ కబురు పంపకండి. హత్య కేసు రాజీకి పనికిరాదు, పైగా బెయిల్ వచ్చినా అదే కారణంతో రద్దవుతుంది.

నాలాగా అవతలి వైపు వాళ్లెవరైనా చదువుతుంటే: పీపీ (ప్రభుత్వ ప్లీడరు) గారికి సాయంగా మనం సొంత ప్లీడరుని పెట్టుకోవచ్చు. కొట్టేస్తే ప్రభుత్వం అప్పీలుకి వెళ్లకపోయినా మనం వెళ్లొచ్చు. జిల్లా న్యాయసేవా సంస్థలో పరిహారానికి దరఖాస్తు పెట్టొచ్చు. ఇవేవీ మాకు ఎవరూ చెప్పలేదు.

పత్తిచేను:
అన్నా, మీ మాట గుర్తుపెట్టుకుంటాను. నిన్న మా మావయ్య అవతలివాళ్ల ఇంటికి మనిషిని పంపుదామంటే నేనే ఆపాను.

ఫీజు సంగతి. మాకున్నది ఎకరంన్నర. హైకోర్టు బెయిల్‌కే చేతిలో డబ్బు అయిపోయేలా ఉంది.

నల్లకోటు_జూనియర్:
కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జైలు నుంచే దరఖాస్తు పెట్టించండి. ఉచితం కదా అని తీసిపారేయకండి, వాళ్లలో రోజంతా సెషన్స్ కేసులే చేసేవాళ్లున్నారు.

ఇంకో మాట. ఆ రోజు మీవాళ్లకి దెబ్బలేమీ తగల్లేదా?

పత్తిచేను:
మావాడికి తల మీద 6 కుట్లు పడ్డాయి. అరెస్టుకి ముందే మండలం ఆసుపత్రిలో వేశారు. మనిషి చావుబతుకుల్లో ఉంటే మనం కేసు పెట్టడమేంటని ఊరుకున్నాం.

నల్లకోటు_జూనియర్:
ముందు ఆ కాగితం వెతకండి. ఆసుపత్రి రిజిస్టరులో ఎంట్రీ, ఊండ్ (గాయాల) సర్టిఫికెట్, జైల్లో చేర్చుకునేటప్పుడు డాక్టరు రాసిన గాయాలు, మూడూ తెప్పించమనండి. ముద్దాయి ఒంటి మీద పెద్ద గాయాన్ని ప్రాసిక్యూషన్ సాక్షులు వివరించకపోతే, వాళ్లు మొదలెక్కడో దాస్తున్నారని కోర్టు అనుకోవచ్చు. లక్ష్మీ సింగ్ కేసు చూపిస్తారు మీ ప్లీడరు. ఆత్మరక్షణ అన్న వాదనకీ పునాది అదే. దాన్ని ప్రాసిక్యూషన్‌లాగా నిస్సందేహంగా రుజువు చేయక్కర్లేదు, అలా జరిగి ఉండొచ్చు అనిపించేంత చాలు.

పత్తిచేను:
దొరికింది. ఓపీ చీటీ. ఆ రోజు వేసుకున్న చొక్కా మా అత్తగారు ఉతకలేదంట, జేబులో నాలుగు మడతలు పెట్టి ఉంది. రక్తం అంటి ఒక మూల చదవడానికి రావట్లేదు కానీ తేదీ, సాయంత్రం 6.40 అని టైము కనిపిస్తున్నాయి. ఫోటో తీసి ప్లీడరు గారికి పంపాను. ఒరిజినల్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టమన్నారు, చొక్కా కూడా ఉతకొద్దన్నారు. రేపు ములాఖత్ ఉంది, కుట్లు ఏ డాక్టరు వేశారో వాణ్ణి అడిగి వచ్చి రాస్తాను.